ఇల్లలికిన చేతికి వాటా ఎంత?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అంటారు. రెండూ ఖర్చుతో, కష్టంతో కూడిన పనులని ఆ సామెత అర్థం. పెళ్ళి విడిపోయినప్పుడు కట్టిన ఇంటిని ఏం చెయ్యాలన్న ప్రశ్న దగ్గర మాత్రం సామెతలూ ఆగిపోతాయి, మన కథలూ చాలావరకు ఆగిపోతాయి. చలం 'మైదానం' (1927) రాజేశ్వరి నుంచి ఓల్గా 'స్వేచ్ఛ' (1987) అరుణ దాకా గడప దాటే స్త్రీలను మన సాహిత్యం ఎందరినో చూపింది. ఆమె ఎందుకు దాటిందో, దాటాక సమాజం ఏమందో రాశారు. ఆమె వదిలి వెళ్ళిన ఇంట్లో ఆమె వాటా ఎంతో లెక్కకట్టిన రచన అరుదు.

ఇబ్సెన్ 'బొమ్మరిల్లు' (1879)లో నోరా తలుపు వేసి వెళ్ళిపోయింది. 1923లో చైనా రచయిత లూ సున్ బీజింగ్‌లోని మహిళా కళాశాలలో మాట్లాడుతూ, వెళ్ళిన తరువాత నోరా ఏమయిందని అడిగాడు. చేతిలో డబ్బు లేని నోరాకు తిరిగి రావడమో పతనమో తప్ప దారి లేదన్నది ఆయన వాదం. వర్జీనియా వూల్ఫ్ 1929లో స్త్రీకి తనదైన గది ఒక్కటే కావాలనలేదు, ఏడాదికి 500 పౌండ్లు కూడా కావాలంది. మనం ఆ గది గురించి ఎంతో రాసుకున్నాం. పౌండ్ల సంగతి అంతగా పట్టించుకోలేదు.

ఈ దృష్టితో పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథను మళ్ళీ చదవాలి. అలికి, ముగ్గులు పెట్టి, ఇంటిని అద్దంలా ఉంచే పనిలో పడి తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ అది. ఆమె పుట్టింటికి వెళ్ళి, పాత స్నేహితురాలి ద్వారా తాను శారదనని గుర్తు చేసుకుని తిరిగి వస్తుంది. ఈ కథను మనం ఎక్కువగా అస్తిత్వం కోల్పోవడం గురించిన కథగా చదివాం. అది సరైన పఠనమే. కానీ కథ మొదట్లో జరిగేదేమిటి? ఈ ఇల్లు నీదేనని భర్త అంటాడు. ఆ మాట నమ్మి ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని పనిలోకి దిగుతుంది. అది నోటిమాట దానం. చట్టప్రకారం ఇంటిని దానమివ్వాలంటే రిజిస్టరు పత్రం కావాలి. నోటిమాటకు ప్రతిఫలంగా ఆమె ఇచ్చిన శ్రమ మాత్రం రోజూ నిజంగానే చెల్లింపు అయింది. శారద తన పేరు తెచ్చుకుంది. ఆ పేరు ఇంటి కాగితం మీద ఉందా అన్నది కథకు బయట మిగిలిన ప్రశ్న. ఇది కథలో లోపమని నేననడం లేదు, కథ మనల్ని తీసుకొచ్చి వదిలిన చోటు అదేనంటున్నాను.

కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉంటే సమస్య తీరినట్టేనా? నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇద్దరూ టీచర్లయిన జంట లోను తీసుకుని ఇల్లు కట్టుకున్నారనుకుందాం. విడిపోయేనాటికి ఇంటి విలువ 60 లక్షలు, తీరవలసిన అప్పు 20 లక్షలు అయితే, పంచుకోవలసింది 40 లక్షలు. చెరి సగమంటే ఒక్కొక్కరికి 20 లక్షలు. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఎవరి సొమ్ము వారు పెట్టి కొన్న ఉమ్మడి ఆస్తిలో ఎవరెంత పెడితే అంత వాటా. ఎవరెంత పెట్టారో రుజువు లేనప్పుడే సమానమని భావిస్తారు. మధ్యతరగతి ఇళ్ళలో ఏర్పాటు ఎలా ఉంటుందో మనకు తెలుసు. లోను వాయిదాలు భర్త జీతంలోంచి పోతాయి. బియ్యం, పాలు, పిల్లల ఫీజులు, అత్తగారి మందులు భార్య జీతంలోంచి వస్తాయి. చివరికి ఆయన దగ్గర పదిహేనేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంటు మిగులుతుంది. ఆమె పెట్టింది తినడంలోనూ చదువులోనూ కలిసిపోయింది, దానికి రసీదు లేదు. ఆ ఖర్చు ఆమె భరించకపోతే ఆయన వాయిదాలు కట్టగలిగేవాడా అన్న ప్రశ్నకు ఆ సెక్షన్‌లో చోటు లేదు. ఇక ఇంటిని గోడ పెట్టి పంచడం కుదరకపోతే, 1893 నాటి విభజన చట్టం కింద అమ్మి సొమ్ము పంచమని కోర్టును అడగవచ్చు. రెండోవారి వాటా కొనుక్కోగల స్తోమత ఎవరికుంటే ఇల్లు వాళ్ళకు మిగులుతుంది.

జీతాలు లేని ఇళ్ళలో ఈ లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. పాత నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాకల్లో నేతగాళ్ళ ఇల్లే కార్ఖానా. మగ్గం మీద కూర్చున్నవాడి పేరున మజూరీ వస్తుంది. కండెలు చుట్టేది, ఆసు పోసేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఒక చీర ఆసుకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. కొడుకు ప్రేమ గొప్పదే. అయితే ఆ శ్రమ మన కంటికి నొప్పిగా ఆనింది గానీ పెట్టుబడిగా ఆనలేదు. ఆ ఇంటి గోడల్లో ఆసు పోసిన చెయ్యి ఎంత ఉందో ఎవరూ అడగలేదు.

పాలమూరు వలస కూలీల ఇళ్ళదీ అదే సంగతి. ఆనకట్టల మీదా, నగరాల భవనాల మీదా ఆలుమగలిద్దరూ తట్ట మోసి సంపాదించి ఊళ్ళో రెండు గదులు వేసుకుంటారు. గ్రామకంఠంలోని ఇంటికి రిజిస్టరు దస్తావేజు ఉండకపోవచ్చు. ప్లాటు కొన్నా చాలాసార్లు సాదాబైనామా మీదే. చేతిలో ఉండే రుజువు ఇంటి పన్ను రసీదు, అది తరచు మగవాడి పేరనే. పెద్దమనుషుల పంచాయితీలో ఇడుపు కాయితం రాసేటప్పుడు చర్చ కట్నం, బంగారం, పెళ్ళిసామాను చుట్టూ తిరుగుతుంది. అంటే ఆమె వచ్చేటప్పుడు తెచ్చినదే లెక్క. వచ్చాక చేసినది లెక్కలోకి రాదు. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కూడా దీనికి ఎంతో దూరంలో లేదు. పెళ్ళినాడో ఆ దరిదాపుల్లోనో ఇచ్చిన ఉమ్మడి ఆస్తి గురించే అది మాట్లాడుతుంది.

2005 గృహహింస చట్టం కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. ఇల్లు అత్తమామల పేర ఉన్నా ఆ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే అది నివాస హక్కే, యాజమాన్యం కాదు. విడాకులప్పుడు భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇవ్వాలన్న బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది. తరువాతి ఏడాది లోక్‌సభతో పాటు అది మురిగిపోయింది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, గల్ఫ్‌లో సంపాదించిన భర్త డబ్బుతో కొన్న ఆస్తిలో, ఇల్లు నడిపిన భార్య శ్రమకూ సమాన వాటా ఉందని తీర్పు చెప్పింది. ఇంటిపని కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని ఒక న్యాయస్థానం నోట విన్నాం. అది తీర్పు మాత్రమే, శాసనం ఇంకా రావాలి.

సమాన పంపకాన్ని స్త్రీల వైపు నుంచీ ప్రశ్నించేవారున్నారు. తాగుబోతు భర్తను భరిస్తూ ఆమె ఒంటిచేత్తో కట్టిన ఇంట్లో అతనికీ సగం ఇవ్వాలా? అతని అప్పుల్లో సగం మొయ్యాలా? ఇవి తోసిపుచ్చదగ్గ ప్రశ్నలు కావు. అందుకే సగం అన్న సూత్రం ఒక్కటే చాలదు. ఎవరి శ్రమ, ఎన్నేళ్ళు, పిల్లలు ఎవరి దగ్గర, విడిపోయాక ఎవరికి నిలువనీడ లేదు అన్నవన్నీ లెక్కలోకి రావాలి. ఇవన్నీ చెప్పాలంటే చట్టానికి ముందు ఒక భాష కావాలి.

ఆ భాషను తయారుచేయడం రచయిత్రుల పని. "ఇంటికి దీపం ఇల్లాలు" అన్న మాటలో వెలుగు ఆమెది, ఇల్లు మరొకరిది. గడప దాటే దృశ్యాన్ని మనం చాలా బాగా రాశాం. ఇక ఆ తరువాతి దృశ్యం రాయాలి. లోను పుస్తకం, పన్ను రసీదు, ఆసు పోసిన ఏళ్ళు, తట్ట మోసిన సీజన్లు అన్నీ బల్ల మీద పెట్టి, ఒక స్త్రీ తన వాటా అడిగే కథ కావాలి. అడిగినందుకు ఆమెను డబ్బుమనిషిగా చూపని కథ కావాలి.