రాకెట్ పడిన చోటు

1991లో 'ఆదిత్య 369' విడుదలైనప్పుడు నేను తెనాలిలో ఇంటర్ చదువుతున్నాను. ఒకే వారంలో మూడుసార్లు చూశాను. ఆ యంత్రం మమ్మల్ని ఎంత పట్టుకుందంటే, మా జట్టులో ఒకడు అట్టపెట్టెకి సైకిలు డైనమో కట్టి టైమ్ మెషీన్ అని పేరు పెట్టాడు. డైనమో తిప్పితే బల్బు వెలిగింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. సినిమాలో చెప్పలేదు కదా!

పోయిన వేసవిలో అదే సినిమానీ, 'అక్టోబర్ స్కై'నీ వరసగా రెండు శనివారాలు మా అమ్మాయికి చూపించాను. తనిప్పుడు ఎనిమిదో తరగతి. సినిమా వంకన సైన్సు మీద కాస్త ఆసక్తి కలుగుతుందేమోనని నా దొంగ ఆలోచన.

మన సినిమాకి ఊహ తక్కువంటే నేనొప్పుకోను. 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె చూడగానే మా అమ్మాయి "వీడియో కాల్" అంది. ఆ సినిమా 1957 మార్చిలో వచ్చింది. అదే ఏడు అక్టోబరు 4న సోవియట్ వాళ్ళు స్పుత్నిక్‌ని పైకి పంపారు. వెస్ట్ వర్జీనియాలో కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊళ్ళో హోమర్ హికమ్ అనే కుర్రవాడు ఆ చుక్కని చూసి తనూ రాకెట్లు కట్టాలనుకున్నాడు. పెద్దయ్యాక నాసాలో ఇంజనీరయ్యాడు. అతను రాసుకున్న 'రాకెట్ బాయ్స్' 1998లో వచ్చింది. జో జాన్‌స్టన్ దాన్ని మరుసటేడే 'అక్టోబర్ స్కై'గా తీశాడు. (పుస్తకం పేరులో ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ మారిస్తే సినిమా పేరు వస్తుంది. ఇది మా అమ్మాయి చెబితేగాని నాకు తెలియలేదు.)

సింగీతం శ్రీనివాసరావు గారి సినిమాలో ప్రొఫెసరు గారి యంత్రం మనకు పరిచయమయ్యేసరికే తయారై ఉంటుంది. అది పుష్పకవిమానం లాంటిదే, ఎక్కడమే మన పని. ఆయన చూపించదలచింది రాయలవారి కాలాన్ని, ఆ తర్వాత 2504 సంవత్సరాన్ని. అది అద్భుతంగా చూపించారు. ఆ సినిమాని పాఠం చెప్పలేదని తప్పుపట్టడం అన్యాయం. నా పేచీ తర్వాతి వాళ్ళతో. సంకల్ప్ రెడ్డి 2018లో ఎంతో శ్రమపడి 'అంతరిక్షం' తీశారు. వ్యోమనౌకలు నిజంగానే నమ్మించేలా ఉన్నాయి. కానీ అక్కడ కూడా చిక్కు విప్పగలిగినవాడు ఒక్క కథానాయకుడే. తక్కినవాళ్ళకీ మనకీ చూడటమే పని.

'అక్టోబర్ స్కై'లో మొదటి రాకెట్ ఇంటి కంచెని పేల్చేస్తుంది. ఆ తర్వాతివి ఒకటి అడ్డంగా పోతుంది, ఒకటి అక్కడే పేలుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది మధ్యలో వచ్చే ఘట్టం. అడవి తగలబడుతుంది, నేరం పిల్లల మీద పడుతుంది. హోమర్ లెక్కలు నేర్చుకుని, రాకెట్ ఎంతసేపు గాల్లో ఉందో దాన్నిబట్టి ఎక్కడ పడి ఉంటుందో కట్టి, స్నేహితుడితో వెళ్ళి వాగులో దాన్ని వెతికి పట్టుకుంటాడు. ఒక లెక్క పిల్లాణ్ణి నిందనుంచి బయటపడేసిన దృశ్యం మన తెర మీద నేనింతవరకూ చూడలేదు. మా బడిలో ల్యాబు తాళం ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే తీసేవారు. అక్కడ లెక్క పరీక్షకోసం, తాళం పరువుకోసం.

అయినా ఈ సినిమాని నెత్తిన పెట్టుకోలేను. అసలు జట్టులో ఆరుగురు పిల్లలుంటే తెర మీద నలుగురయ్యారు. నిజంగా జరగకపోయినా, హోమర్ చదువు మానేసి గనిలోకి దిగినట్టు చూపించారు. గని వర్క్‌షాపులో ఇనుము చెక్కి ఇచ్చిన బైకోవ్‌స్కీ ఆ సాయానికి భూగర్భంలోకి బదిలీ అయి, ప్రమాదంలో చనిపోతాడు. రాకెట్ సగం అతని చేతిపనే. కెమెరా అతని మీద ఇంకొంచెం ఆగి ఉంటే బాగుండేది.

తండ్రి సంగతి వేరు. గని తప్ప వేరే బతుకు తెలియని మనిషి, కొడుకు రాకెట్లని పిల్లచేష్టలనుకుంటాడు. క్రిస్ కూపర్ ఆ పాత్రలో గొంతు పెంచకుండానే భయపెడతాడు. చివరి రాకెట్‌కి మీట నొక్కమని కొడుకు అడిగేవరకూ రాకెట్లు ఎగిరే చోటుకి రాడు. ఆ దృశ్యంలో నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. అంతకు ముందు మార్చిలో పాడైపోయిన వాక్యూమ్ క్లీనర్ విప్పి చూస్తానని మా అమ్మాయి అడిగింది. "ముందు లెక్కల పోటీకి చదువుకో, అది పారేద్దాం" అన్నాను. మనలో చాలామంది ఇలాగే అంటాం. గని స్థానంలో మనకి సాఫ్ట్‌వేర్, అంతే తేడా.

దీపాలు వేశాక తను అడగనే అడిగింది: "నాన్నా, నువ్వు వాళ్ళ నాన్నలాగా రావడానికి చివరిదాకా ఆగుతావా?"

మా ఆవిడ నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు గరాజ్‌లో పాత దుప్పటి పరిచి వాక్యూమ్ క్లీనర్ విప్పాం. బెల్టు తెగి ఉంది. కొత్తది వేసి బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. శబ్దం మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది, దుమ్ము లాగడం లేదు.