వెల్లుల్లి వాసన తగిలిన అయస్కాంతం

భివండిలో తెలుగు పుస్తకానికి ముందుమాట రాసే అవకాశం రావడమే అరుదు. అదీ 1558లో ఇటలీలోని నేపుల్స్‌లో అచ్చయిన ఒక లాటిన్ గ్రంథాన్ని మనకు పరిచయం చేసే పుస్తకానికి! ఇక్కడి పద్మనగర్‌లో పుట్టి, మరాఠీ బడిలో చదివి, ఇంట్లో నేర్చిన తెలుగులోనే ఈ పని పూర్తిచేసిన చిరంజీవి రచయితకు ముందుగా నా ఆశీస్సులు.

జాంబాటిస్టా డెల్లా పోర్టా రాసిన ఆ గ్రంథం, ‘మాజియా నాతురాలిస్’ (ప్రకృతి మాయ), మొదట నాలుగు భాగాలే. 1589 నాటికి ఇరవై అయింది. పేరులో మాయ ఉన్నా దయ్యాలను పిలిచే తంతు కాదిది. ప్రకృతిలో దాగిన కారణాలతోనే అద్భుతాలు చేయవచ్చన్నది పోర్టా వాదం. అద్దాలు, అయస్కాంతం, అత్తరు బట్టీ, ఉక్కు పదును, వంటలు, ఆడవాళ్ల అలంకారాలు, కంటికి కనబడని రాతలు... అంతా సంత.

ఆ సంతలో నన్ను ఆపింది వెల్లుల్లి. నావికుడు వెల్లుల్లి తింటే అతని ఊపిరికే దిక్సూచి దారి తప్పుతుందని అప్పటి నమ్మకం. పోర్టా ఓడలవాళ్లనే అడిగాడు. ప్రాణాలైనా వదులుకుంటాం గానీ ఉల్లీ వెల్లుల్లీ మానబోమన్నారట వాళ్లు. అంతటితో ఊరుకోక, తానే వెల్లుల్లి తిని అయస్కాంతం మీద తేన్చాడు, రసం పూసి చూశాడు. ఇనుము ఎప్పటిలాగే అంటుకుంది. పెద్దలు చెప్పారు గనక నిజమే అనేవాళ్లకు ఇంతకంటే సరసమైన జవాబు నేను చదవలేదు.

అదే మనిషి, వజ్రంతో రుద్దిన ఇనుము ఉత్తరం చూపుతుందని రాశాడు! 75 వజ్రాలతో, సాక్షుల ఎదుట పరీక్షించి అది వట్టిమాట అని విలియం గిల్బర్ట్ 1600లో అచ్చయిన తన అయస్కాంత గ్రంథంలో తేల్చాడు. రచయిత ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం నాకు బాగా నచ్చింది. పోర్టాను ఋషినీ చెయ్యలేదు, వేళాకోళమూ చెయ్యలేదు.

ఇక్కడ, పనివాళ్ల విద్యల గురించి నా గోడు ఒకటి. పుట్టపాకలో తేలియా రుమాలు నేసే నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద తేటలో పదేపదే నానబెట్టి ఆరేస్తారు. రంగు గట్టిగా పట్టేది అందుకే. ఇలాంటి విద్యలు తండ్రి చేతినుంచి కొడుకు చేతికి దిగాయి గానీ కాగితం మీదికి ఎక్కింది తక్కువ. కొడుకు మరమగ్గం పనికి భివండి వచ్చేస్తే ఆ ఇంటి విద్య అక్కడే ఆగింది. పోర్టా పనివాళ్ల గుట్లు ఏరి అచ్చువేశాడు. వాళ్ల పొట్ట కొట్టాడా అంటే కొంత కొట్టినట్టే. అయినా ఆ గుట్లు నాలుగు వందల ఏళ్లు దాటి మన చేతికొచ్చాయి.

మళ్లీ పుస్తకానికొస్తే, పటిక కలిపిన సిరాతో గుడ్డు పెంకు మీద రాస్తే అక్షరాలు లోపలి తెల్లసొన మీదికి దిగుతాయని పోర్టా చెప్పిన ముచ్చటను నేను నమ్మను. విషాల ప్రకరణాలను రచయిత వదిలేయడం మంచిదే. పిల్లలు మాత్రం 17వ భాగంతో మొదలుపెట్టాలి. గది చీకటి చేసి, కిటికీలో చిన్న కంత పెట్టి, దానికి భూతద్దం బిగించి, ఎదురుగా తెల్లగుడ్డ కట్టాలి. గుడ్డను ముందుకూ వెనక్కూ జరుపుతుంటే వీధి తలకిందులుగా తేటపడుతుంది. గుడ్డకైతే మన ఊళ్లో కొరత లేదు.

రచయిత పోర్టా తూకాలను మన కొలతల్లోకి మార్చలేదు. మలి ముద్రణలోనైనా ఆ పట్టిక చేర్చాలి.