పక్క తోట రైతు కూడా మనవాడే

ద్రాక్ష సాగు ఎవరి చేతి నేర్పు వారిదే అనుకుంటాం. అక్టోబరు కత్తిరింపులో కొమ్మను ఎన్నో కన్ను దగ్గర కోయాలి, గుత్తిలో ఎన్ని పిందెలు ఉంచాలి అన్నవి రైతు తన తోటలోనే నేర్చుకుంటాడు. కానీ నాసిక్ ద్రాక్ష కథ తెలుసుకున్నకొద్దీ నాకో సంగతి బలంగా తోస్తోంది. విదేశాలకు పంపే పంటలో తోటకు కంచె ఉంటుంది, పేరుకు ఉండదు.

2010లో జరిగిందదే. చిగుళ్ల దూకుడు తగ్గించి కాపు కళ్లు పెంచడానికి అక్కడి రైతులు వాడే క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అవశేషాలు యూరప్ పరీక్షల్లో బయటపడ్డాయి. అక్కడి పరిమితి కిలోకు 0.05 మిల్లీగ్రాములు. మన పరీక్షల జాబితాలో ఆ మందు పేరే లేదు. కంటైనర్లు ఆగిపోయాయి. జాగ్రత్తగా సాగు చేసినవారి సరుకు మీదా అదే అనుమానం పడింది.

అయినా ఆ ప్రాంతం మళ్లీ నిలబడిందంటే, కలిసి నేర్చుకునే అలవాటు అప్పటికే ఉండబట్టే. 1991లో మహారాష్ట్ర ద్రాక్ష రైతుల సహకార సంఘాలు కలిసి మహాగ్రేప్స్ అనే ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. కోసిన పండును వెంటనే చల్లబరచడం, పెట్టెలో సల్ఫర్ డయాక్సైడ్ కాగితం వేయడం వంటి ఏర్పాట్లు ఒక్కో రైతు విడిగా సమకూర్చుకోగలిగేవి కావు. 2006లో కేంద్ర ప్రభుత్వ ఎగుమతి ప్రోత్సాహక సంస్థ అపెడా తెచ్చిన గ్రేప్‌నెట్‌తో ప్రతి తోటకూ నంబరు వచ్చింది. విదేశంలో పెట్టె తెరిచినా అది ఏ తోట పండో తెలుస్తుంది. ఏ మందు కొట్టాక ఎన్నాళ్లు ఆగి కోయాలో పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం చెబుతుంది.

నేర్పు పైనుంచే దిగిరాలేదు. సోనాకా రకాన్ని థామ్సన్ సీడ్‌లెస్ నుంచి ఎంపిక చేసింది సోలాపూర్ జిల్లా నాన్నజ్ రైతు నానాసాహెబ్ కాలే. ఒక తోటలో దొరికిన ఆ మేలు రకం ఎన్నో తోటలకు పాకింది.

మన దగ్గరా 2020లో తాడిపత్రి నుంచి అరటి కంటైనర్లతో ముంబై రేవుకు ప్రత్యేక రైలు వెళ్లింది. దారి తెరుచుకుంది. అది మూసుకుపోకుండా కాపాడుకోవాల్సింది రైతులూ ఎగుమతిదారులూ కలిసే. అరటి, మామిడి రైతులకు నా మనవి ఒక్కటే: ఏ మందు ఏ రోజు కొట్టారో పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం పక్క తోట రైతుకు చూపించండి, ఆయనది మీరు అడిగి చూడండి.