ఎవరికి ప్రసంగం, ఎవరికి గద్దింపు?

అపొస్తలుల కార్యములు గ్రంథాన్ని సువార్త వ్యాపించిన చరిత్రగా చదవడం మనకి అలవాటు. దాన్ని ప్రసంగాల పుస్తకంగా కూడా చదవొచ్చు. అట్లా చదివినప్పుడు రెండు ప్రశ్నలొస్తాయి. ఎవరితో ఎట్లా మాట్లాడారు? ఎవరితో అసలు మాట్లాడలేదు?

పౌలు ప్రసంగాలు మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. పిసిదియ దగ్గరి అంతియొకయలో శ్రోతలు యూదులు, వాళ్ళ దేవుణ్ణి గౌరవించే అన్యులు. అక్కడ ఐగుప్తు నుంచి విడుదలతో మొదలుపెట్టి, దావీదు మీదుగా యేసు దగ్గరికొస్తాడు. లేఖనమే సాక్ష్యం. లుస్త్రలో జనానిది లుకయోనియ భాష. పౌలు బర్నబాలని తమ దేవుళ్ళే దిగొచ్చారనుకుని ఎద్దుల్నీ పూలదండల్నీ తెచ్చారు. వాళ్ళకి లేఖనం చెప్పడు. వాన గురించి, పంట గురించి, తిండి గురించి చెప్తాడు. ఏథెన్సులో ఎదురుగా వున్నది స్తోయికులు, ఎపికూరీయులు. అక్కడ ‘తెలియని దేవుడి’ బలిపీఠాన్ని ఎత్తుకుంటాడు. గ్రీకు కవి మాటనే ఆధారం చేసుకుంటాడు. ఈ చివరి రెండు ప్రసంగాల్లోనూ యేసు పేరే లేదు.

శ్రోతని బట్టి మాట మార్చే ఈ నేర్పుని పండితులు మెచ్చుకున్నారు. మెచ్చుకోదగ్గదే. అయితే ఆ కాలపు చరిత్రకారులు ప్రసంగాల్ని సందర్భానికి తగ్గట్టు తామే కూర్చేవాళ్ళు. తుసిడిడీస్ ఆ సంగతి దాచుకోలేదు కూడా. కాబట్టి ఈ ప్రసంగాల్లో రచయిత ఎంపిక కూడా వుంది. సంప్రదాయం ఆ రచయితని లూకా అంటుంది. ప్రసంగం ఎవరికి రాయాలన్నది ఎంపికైతే, ఎవరికి రాయలేదన్నదీ ఎంపికే.

పదహారో అధ్యాయం చూడండి. ఫిలిప్పీలో సోదె చెప్పే పిల్ల వుంది. ఆమె నోటి సంపాదన యజమానులది. ఆమె చాలా రోజులు ప్రచారకుల వెంట తిరిగి, వీళ్ళు సర్వోన్నతుడైన దేవుడి దాసులని కేకలు వేసింది. ఒక బానిస ఇతరుల్ని దాసులుగా గుర్తుపట్టిన సన్నివేశమిది. పౌలు విసిగిపోయి ఆమెలోని దయ్యాన్ని గద్దించాడు. ఆమెతో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. అదే ఊళ్ళో ఊదా బట్టల వ్యాపారి లూదియకి బోధ దొరికింది. జైలు అధికారికీ, అతని ఇంటివాళ్ళకీ దొరికింది. దెబ్బలు తిన్న పౌలు తెల్లారి తాను రోమా పౌరుణ్ణని చెప్పి అధికారుల్నే దిగొచ్చేట్టు చేశాడు. ఆమెకి అట్లాంటి హోదా ఏదీ లేదు.

ఆమెకి విడుదల దొరికిందంటారు. దయ్యం నుంచి సరే, మరి యజమానుల నుంచి? సంపాదన పోయిన బానిసని వాళ్ళు ఏం చేశారు? గ్రంథం చెప్పదు.

తెలుగు అనువాదం ఇంకో పొర కప్పింది. గ్రీకులో ఆమెకి వాడిన ‘పైదిస్కే’ అనే మాటకి ఇక్కడ అర్థం బానిసపిల్ల. మన పాత అనువాదంలో ఆమె ఉత్త ‘చిన్నది’. ప్రచారకులకి ‘దాసులు’ అనే మాట మిగిలింది. నిజమైన దాసికి అది పోయింది.

మరి కింది మనుషులు శ్రోతలు కాలేదా? అయ్యారు. బోధకులు కూడా అయ్యారు. ఆ సంగతి మనకి ఎక్కువగా పాలకుల, ప్రత్యర్థుల రాతల్లో కనపడుతుంది. సుమారు 112లో బితూనియ పాలకుడు ప్లినీ, సంఘంలో పరిచారకులుగా పిలవబడే ఇద్దరు బానిస స్త్రీలని చిత్రహింస పెట్టానని చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వాళ్ళు చెప్పింది అతనికి మూఢనమ్మకంగానే తోచింది. రెండో శతాబ్దం చివర్లో సెల్సస్ అనే తాత్వికుడు, ఉన్నికార్మికులు, చెప్పులు కుట్టేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు ఇళ్ళల్లో చేరి ఆడవాళ్ళకీ పిల్లలకీ బోధిస్తున్నారని వెక్కిరించాడు. ఆ వెక్కిరింపు మనకి సాక్ష్యం. చెప్పులు కుట్టేవాడు ఏం బోధించాడో మాత్రం అతని మాటల్లో మనకి మిగల్లేదు.

ఈ ప్రశ్న మన నేలకీ వర్తిస్తుంది. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ తోలు వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య తనవాళ్ళ మధ్య తిరిగి బోధించాడు. ఆయన కథ మనకి ముఖ్యంగా మిషనరీల రాతల్లోంచే అందింది.

అందుకే ప్రచార చరిత్ర చదివేటప్పుడు ఏథెన్సు దగ్గరే ఆగిపోకూడదు. ఫిలిప్పీ వీధిలో ఆ పిల్ల అన్న మాటని దయ్యం కేకగానే కాకుండా, ఒక బానిస మాటగా కూడా వినాలి.