మంటకు ముందు మణికట్టు

ఉప్పల్‌లోనో నాచారంలోనో బోనాల ఊరేగింపు ముందు కర్రసాము చేసేవాళ్ళను నిలబడి చూసినవారికి సమోవా నిప్పుకత్తి నాట్యం సగం తెలిసినట్టే ఉంటుంది. పసిఫిక్ దీవుల ఈ విద్యను ఇవాళ తాహితి వాళ్ళు, జపాన్ వాళ్ళు, అమెరికన్లు కూడా పోటీకి దిగి ఆడుతున్నారు. పరాయివాళ్ళ చేతికి ఇది ఎలా లొంగుతోందో తెలియాలంటే ముందు ఆ కత్తిని చూడాలి.

దాని పేరు నిఫో ఓటి. సుమారు రెండు మూరల పొడవు. ఒక కొసన అలుగు, అలుగు చివర కొక్కెం, మిగతాదంతా పిడి. యోధులు ఆయుధాన్ని గిరగిరా తిప్పి సత్తా చూపే ఐలావో అనే విన్యాసం దీనికి మూలం. అప్పట్లో అందులో నిప్పు లేదు.

ఇప్పుడు అలుగు మీద, పిడి అడుగున తువ్వాలు గుడ్డను బిర్రుగా చుట్టి తీగతో కట్టేస్తారు. అవే వత్తులు. చుట్టు వదులైతే విసురుకు ఊడి జనం మీద పడుతుంది. ఒకవైపు గుడ్డ ఎక్కువైతే తిప్పుడు గతి తప్పుతుంది. నాచారం పారిశ్రామికవాడలో లేత్ మీద పనిచేసే మనిషి, బరువు కుదరని ముక్క తిరిగేటప్పుడు ఎలా అదురుతుందో చెప్పగలడు; ఇక్కడా అదే లెక్క. తర్వాత వత్తులను ఇంధనంలో నానబెట్టి, ఎక్కువైంది విదిలించేస్తారు. లేకపోతే మొదటి చుట్టుకే నిప్పు చుక్కలు చిమ్ముతాయి. మండేది ప్రధానంగా ఇంధనపు ఆవిరి. తడి ఉన్నంతసేపూ గుడ్డ పెద్దగా కాలదు.

ఇక చెయ్యి. అలుగువైపు బరువు ఎక్కువ కాబట్టి కత్తి తూగే చోటు సరిగ్గా నడిమధ్య ఉండదు. వేళ్ళు ఆ చోటును వెతుక్కుని పట్టుకుంటాయి. అరచేయి పైకీ కిందికీ తిరగేస్తూ, వేళ్ళ సందుల్లోంచి పిడిని దొర్లిస్తూ తిప్పుతారు. వేగం అందుకున్నాక మంట వత్తి వెనకాలే పల్చగా సాగి, చూసేవారి కంటికి నిప్పు చక్రంలా కనిపిస్తుంది. ఆపేటప్పుడే అసలు పరీక్ష. కత్తి నిలువుగా ఆగితే కింది మంట పిడి వెంబడి చేతికి ఎగబాకుతుంది. అందుకే ఎక్కడ, ఏ వాలులో ఆపాలో ముందే తెలిసి ఉండాలి.

పైకి ఎగరేసినప్పుడు చీకట్లో కనిపించేవి రెండు మంటలే. కత్తి తన తూగే చోటు చుట్టూ తిరుగుతూ కిందికి దిగుతుంది. చెయ్యి వెళ్ళాల్సింది కనబడని ఆ చోటికే. ఆ రెండు వెలుగుల కదలికను బట్టి మధ్యనున్న చీకటిని పట్టుకోవడం ఈ విద్యలో నన్ను ఎక్కువ కట్టిపడేసే ఘట్టం.

ఐలావోకు నిప్పు జతపడింది 1946లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో. సమోవా నర్తకుడు ఫ్రెడీ లెటులి అక్కడ సాధన చేస్తుంటే పక్కన నిప్పు మింగే హిందూ కళాకారుడు ఒకడు, కొసలకు బల్బులు పెట్టిన కర్ర తిప్పే అమ్మాయి ఒకతె కనిపించారట. ఆ కళాకారుడి దగ్గరే ఇంధనం అడిగి తీసుకుని, కత్తికి తువ్వాళ్ళు చుట్టి వెలిగించాడు. కత్తి సమోవాది, ఆలోచన సమోవన్‌ది, మొదటి మంటకు ఇంధనం మాత్రం పరాయివాడిది.

హవాయిలోని లాయియేలో పాలినేషియన్ కల్చరల్ సెంటర్ 1993 నుంచి ప్రపంచ పోటీలు నడుపుతోంది. తాహితికి చెందిన జోసెఫ్ కదుస్తో అక్కడ సమోవన్లనే ఓడించి విజేత అయ్యాడు. ఎవరైనా సరే, మొదట వెలిగించని కత్తితోనే నేర్చుకోవాలి. తిప్పుడు, ఎగరవేత, ఆపడం చేతికి అలవాటయ్యాకే నిప్పు. అప్పుడు కూడా మంట అదనపు బలమేమీ ఇవ్వదు. చేతిలో మిగిలిన లోపాన్ని దూరానికి కూడా కనిపించేలా వెలిగిస్తుంది.