తమ్మిలేరుకు నీళ్ళొచ్చాయట

టర్కిష్ నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో నా దగ్గరున్నది ఇంగ్లీషులో రాసిన పుస్తకం. అందులో 'మిష్' ప్రత్యయం దగ్గర నెల రోజులు ఆగిపోయాను. 'గెల్ది' అన్నా 'గెల్మిష్' అన్నా వచ్చిందనే అర్థం. ఆ రెంటికీ తేడా చెప్పడానికి పుస్తకం రెండు పేజీలు తీసుకుంది. నాకు ఎక్కలేదు.

వానాకాలం ఓ పొద్దున మా వట్లూరు ఇంటి గుమ్మంలో పాలు పోస్తూ పాలావిడ, "తమ్మిలేరుకు నీళ్ళొచ్చాయటండీ" అంది. ఆ 'ట' చెవిన పడగానే చిక్కు విడిపోయింది. ఆవిడ చూడలేదు, విన్నది. టర్కిష్‌లో అదే 'సు గెల్మిష్'. 'సు' అంటే నీళ్ళు.

అప్పటినుంచీ తెలుగు మీదుగానే నేర్చుకుంటున్నాను. 'బెన్ ఎవె గిదియొరుమ్': నేను ఇంటికి వెళ్తున్నాను. మాటల వరుస మనదే. 'ఎవ్' ఇల్లు, దానికి తగిలిన 'ఎ' మన 'కి', చివరి 'ఉమ్' మన 'ను'. పిల్లికి 'కి', చెట్టుకు 'కు' అని అచ్చును బట్టి మనం మార్చినట్టే, వాళ్ళు ఇళ్ళను 'ఎవ్‌లెర్' అనీ, పుస్తకాలను 'కితాప్‌లర్' అనీ అంటారు. కాల్డ్వెల్ 1856లో అచ్చయిన ద్రావిడ భాషల వ్యాకరణంలో ఫిన్నిష్, టర్కిష్ వంటి భాషలతో మనకు చుట్టరికం ఉందన్నాడు. తర్వాతి పండితులు దాన్ని ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోయినా నడక కలిసింది, నేర్చుకునేవాడికి అది చాలు.

అయితే తేడా తెలిసి అడుగు వేయాలి. లేచేసరికి వాకిలి తడిసి ఉంటే మనం 'వాన పడినట్టుంది' అంటాం, 'పడిందట' అనం. వాళ్ళు అక్కడా 'మిష్' చేరుస్తారు. విన్నదానికీ, ఆనవాలు చూసి ఊహించినదానికీ వాళ్ళకు ఒకటే ప్రత్యయం.

నాకు బాగా నచ్చిన మాట 'కొలాయ్ గెల్సిన్'. పని చేసుకుంటున్నవాళ్ళ పక్కనుంచి వెళ్తూ, పని సులువుగా సాగాలని అనే మాట. మనవైపు చేలో ఆడవాళ్ళు కనబడితే "ఊడ్పులా అమ్మా?" అంటాం. కళ్ళెదుట కనిపిస్తున్నదాన్నే అడుగుతాం. మీ కష్టం చూశాను అని చెప్పడమే అది కూడా.

పాలావిడ ఆ మాట అన్ననాటి సాయంత్రం ఏలూరు వెళ్ళి వంతెన మీద నిలబడ్డాను. ఎర్రనీళ్ళు కొల్లేటివైపు వడిగా పోతున్నాయి. ఇంటికొచ్చి మా ఆవిడతో, "తమ్మిలేరుకు నీళ్ళొచ్చాయి" అన్నాను, 'ట' లేకుండా.

సు గెల్ది.