సీత పక్షాన మా అమ్మమ్మ

‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడాలంటే ముందు ఊపిరి మీద పట్టు ఉండాలి. పాదం ఎత్తుకోవడం ఎవరికైనా వస్తుంది. పాదం చివరి అచ్చును దీర్ఘం తీసి, అది తెగకుండానే తరువాతి పాదంలోకి దిగాలి. పనితనమంతా అక్కడే ఉంది. దీర్ఘం పొట్టిదైతే పద్యం అప్పజెప్పినట్టుంటుంది, మరీ సాగితే కథ నిలబడిపోతుంది. మా అమ్మమ్మ ఆ కొలత తన అత్తగారి పక్కన కూర్చుని విని పట్టుకుంది. చేతులు వత్తులు చేస్తూనో, చేటలో బియ్యం ఏరుతూనో ఉండేవి. గొంతు మాత్రం అయోధ్యలో ఉండేది. మధ్యలో పాలవాడు పిలిస్తే లేచి వెళ్ళి పాలు పోయించుకుని వచ్చి, ఆపిన మాట దగ్గరే, ఆపిన శ్రుతిలోనే అందుకునేది. పేరున్న విద్వాంసుల కచేరీలు చాలానే విన్నాను. తంబురా ఆసరా లేకుండా అలా శ్రుతి నిలబెట్టగలిగిన గొంతు నాకు మరొకటి తగల్లేదు.

తెల్లవారుజామున లేచి తులసికోట దగ్గర దీపం పెట్టి, రామా అనుకోనిదే మంచినీళ్ళు ముట్టేది కాదు. శ్రావణ మంగళవారాలూ, అట్లతద్దీ, సంక్రాంతి పేరంటాలూ ఆవిడ పాట లేకుండా జరిగేవి కావట. తాతయ్య పోయాక పిలుపులు ఆగిపోయాయి. అయినా హారతి పాట వరస మరిచిపోయినవాళ్ళు పెరటి గుమ్మంలోకి వచ్చి, “పిన్నిగారూ, ఒక్కసారి ఎత్తి చూపించండి” అని అడిగేవారు. శుభకార్యానికి ఆ మనిషి పనికిరాదు, ఆ మనిషి నేర్పిన పాట పనికొస్తుంది! ఆవిడ ఒక్కరికీ లేదనలేదు. నాకు మాత్రం ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఈ పాటలు ఏ కాలం నాటివో ఎవరికి వారు ఒకటి చెబుతారు. అన్నమయ్య ఇల్లాలు తాళ్ళపాక తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది మంజరీ ద్విపదలో. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ప్రాస నియమం లేదు. నోట నిలవడానికీ, నలుగురూ కలిసి పాడుకోవడానికీ అంతకన్న అనువైన నడక తెలుగులో ఏముంది? నందిరాజు చెలపతిరావు 1899లో ‘స్త్రీల పాటలు’ అచ్చు వేశారు. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ‘స్త్రీల రామాయణపు పాటలు’ తెచ్చింది. వాటికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ అచ్చులో మాట దొరుకుతుంది, వరస దొరకదు.

కథ నడపడంలో ఈ పాటల నేర్పు చూడండి. ‘లక్ష్మణదేవర నవ్వు’లో నిండు కొలువు తీరి ఉంది. పద్నాలుగేళ్ళు దూరంగా ఉంచిన నిద్రాదేవి గడువు తీరగానే వచ్చి ఎదురుగా నిలబడుతుంది. లక్ష్మణుడికి నవ్వొస్తుంది. అంతే, సభలో ప్రతివారికీ గుండె గుభేలుమంటుంది. తన లోపం చూసే నవ్వాడని ఎవరికి వారే అనుకుంటారు. శివుడికి నెత్తిన గంగ గుర్తొస్తుంది. ఒక్క నవ్వుతో దేవుళ్ళందరి గుట్టూ బయటపెట్టిన ఆ కల్పన ఏ మహాకవికి తీసిపోతుంది? అమ్మమ్మ ఇక్కడ గొంతు పెంచేది కాదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్క క్షణం ఆగి, వినేవాళ్ళ మొహాలు చూసి, ఆ తరువాత తల దించుకుని పాడేది. మాకు నవ్వాగేది కాదు, ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

ఊర్మిళ పాటలో ఆ గొంతే వేరు. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే ఊర్మిళ గుర్తుపట్టదు. పరాయి మగవాడు గదిలోకి వచ్చాడని బెదిరిపోతుంది, తన వాళ్ళ పేర్లు చెప్పి హెచ్చరిస్తుంది. వాల్మీకి రామాయణంలో ఊర్మిళకు దక్కిన చోటెంత? ఆ ఖాళీలోకి మన ఆడవాళ్ళు ఒక పెద్ద కథ తెచ్చి నింపారు. అమ్మమ్మ ఆనందభైరవి ఛాయలో నడుస్తున్న వరసను ఇక్కడ బాగా కిందికి దించి, దాదాపు మాటలా చేసేసేది. పెద్దత్త ఎప్పుడూ ఆ చోటనే వంటింట్లోకి లేచి వెళ్ళిపోయేది.

కౌసల్య కాన్పు పాటలో నొప్పులు ఉన్నదున్నట్టు ఉంటాయి. ఆవిడ దూలానికి కట్టిన తాళ్ళు పట్టుకుని నిలబడి కంటుంది. ‘సీత గడియ’లో పనిపాట్లు ముగించుకుని వచ్చేసరికి ఆలస్యమైందని రాముడు తలుపు గడియ వేసుకుంటే, అత్తగారొచ్చి కొడుకును మందలిస్తుంది. శూర్పణఖ పాటలో సీత రావణుడి బొటనవేలు తప్ప చూడలేదు కనుక అదొక్కటే గీస్తుంది. తక్కిన బొమ్మ శూర్పణఖ పూర్తిచేసి నిప్పు రాజేస్తుంది. రాముడు సీతను శిక్షించబోతే ఇంట్లో ఆడవాళ్ళంతా సీత వైపు నిలుస్తారు. రాముడి అక్క శాంత ఈ పాటల్లో తమ్ముణ్ణి నిలదీసే పెద్దమనిషి. వెల్చేరు నారాయణరావు గారు ఈ పాటలను ఆడవాళ్ళు తమకోసం కట్టుకున్న రామాయణంగా చదివి లోకానికి చూపించారు. (ఆయన చెప్పినట్టే, నాట్లు వేసే ఆడవాళ్ళ రామాయణం తీరు వేరు. దాని గురించి ఆ పాట తెలిసినవారే రాయాలి.)

రాముణ్ణి ఇంతగా తప్పుపట్టే పాటలు రాముణ్ణి అంతగా నమ్మిన మనిషి ఎలా పాడింది? ఒకసారి అడిగేశాను. “మనవాడు కనకే అంటాం. పరాయివాణ్ణి అంటామా?” అంది. ఆవిడ భక్తంతా ఆ మాటలో ఉంది. కష్టాలు ఆవిడకు తక్కువేం లేవు. ఇద్దరు పిల్లల్ని పసితనంలోనే పోగొట్టుకుంది. ఆ ఏడాది కూడా శ్రీరామనవమికి పానకం కలిపింది, కల్యాణం పాట పాడింది, చివరి మంగళం దగ్గర రాముణ్ణి నాలుగు మాటలూ అంది. దేవుడితో దెబ్బలాడే చనువు ఆవిడకు ఈ పాటలే ఇచ్చాయి.

ఇప్పుడు ఏ ఇంటి నోముకు వెళ్ళినా మూలన స్పీకరు ఉంటుంది. సినిమా వరసకు దేవుడి పేరు అతికించి, కింద డప్పుల మోత పెట్టిన పాట ఫోనులోంచి మోగుతుంది. పదిమంది ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, నోరు మూసుకుని, హారతి పళ్ళెం తిప్పుతారు. దీన్ని పాట అంటే నేను ఒప్పుకోను. అందులో కథ లేదు, ఊపిరి లేదు, శాంత లేదు, ఊర్మిళ లేదు. పొగడ్త తప్ప మరొకటి లేదు. ‘సంప్రదాయ పాటలు’ అని పేరు పెట్టి అమ్మేవాటిలో ఊర్మిళ నిద్ర మూడు నిమిషాల్లో ముగిసిపోతుంది. ఆవిడ మేలుకుని బెదిరిపోయే ఘట్టమే ఎగిరిపోతుంది! వినడానికి ఇంపుగా ఉంటే చాలుననే కత్తెర అది. వింజమూరి సీత, అనసూయ పల్లెపాటలను రేడియోకూ, కచేరీ వేదికలకూ తెచ్చినప్పుడు వరస పోకుండా, మాట నలగకుండా తెచ్చారు. ఆ శ్రద్ధ ఈనాటి వ్యాపారానికి ఎందుకు పట్టదు?

మా ఇంట్లో కూడా పోయింది. అమ్మకు సగం పాటలు వచ్చు, నాకు వరసలు గుర్తున్నాయి, మా అమ్మాయికి కథలు తెలుసు. ముగ్గురం కలిసినా ‘కుశలవుల యుద్ధం’ పూర్తి కావడం లేదు.

అందుకని చదివేవాళ్ళను ఒక్కటి బతిమాలుకుంటున్నాను. మీ ఇంట్లో, మీ వీధిలో పాడగలిగిన పెద్దావిడ ఉంటే ఈ నెలలోనే వెళ్ళండి. మధ్యాహ్నం పని ముగిశాక వెళ్ళండి, గొంతు అప్పుడే తేరుకుని ఉంటుంది. పాట మొదటినుంచి మంగళం దాకా మొత్తం పాడించి రికార్డు చేయండి. మధ్యలో దగ్గు, పాలవాడి పిలుపు, “ఇక్కడ ఏముందబ్బా” అని వెతుక్కోవడం, అన్నీ ఉండనివ్వండి, ఏదీ కోయకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి ఆ పేరు కూడా రాసుకోండి. భర్త పోయినావిడ అయితే, దయచేసి, పెరటి గుమ్మంలో నిలబడకండి. ముందు గదిలో కూర్చోబెట్టి పాడించుకోండి.